రేడియేటర్ లేని బండికి ఏ ఆయిల్?

ఇంకో కట్టె ఎగదొయ్యి బిడ్డా. హ్యూస్టన్‌ల గిసొంటి చలి ఏడాదికి నాలుగు దినాలే, మంట మంచిగ మండనీ.

ఏమన్నవ్? 0డబ్ల్యు-20 సింథటిక్ తెచ్చినవా? అది మీ అమ్మ కారుల పొయ్యి. నీ 1972 బీటిల్ దాన్ని తాగే బండి గాదు.

డెబ్బైలల్ల వరంగల్ ఆర్‌ఈసీ నుంచి ఈడికి చదువుకు వచ్చిన మాసొంటోళ్లకు అందుబాటుల ఉన్న కారంటే గదే, సెకండ్ హ్యాండ్ బీటిల్. మా రూమ్మేటు ఊర్లె అంబాసిడర్ల నడుమ పెరిగినోడు. ముందల మూత లేపి, ఇంజను లేదని పరేషాన్ అయిండు. ఎనకకు పోయి చూసి, "నీళ్లు ఏడ పొయ్యాలె?" అన్నడు. ఏడా పొయ్యవద్దు. దానికి రేడియేటరే లేదాయె. ఫ్యాను గాలి సిలిండర్ల రెక్కలను చల్లగ చేస్తది. లోపల క్రాంకు బేరింగుల వేడి, పిస్టన్ల అడుగు వేడి మోసుకపొయ్యేది మాత్రం ఆయిలే. అది ఫ్యాను డొప్పల ఉన్న చిన్న కూలర్లకు పోయి, చల్లబడి, మళ్ల కిందికొస్తది. మొత్తం రెండున్నర లీటర్లే! గంతటి ఆయిలే నీళ్ల పని సుత చెయ్యాలె.

మొదట్ల నేను షికాగోల ఉంటి. జనవరిల పొద్దుగాల ఆయిల్ బెల్లం పాకం లెక్క ముద్ద కట్టేది, స్టార్టర్ మూలిగేది. కంపెనీ పుస్తకంల వాతావరణాన్ని బట్టే రాసిండ్రు: ఎండకు ఎస్‌ఏఈ 30, చలికి 20డబ్ల్యు-20, ఇంకా గడ్డ కట్టే చలైతే 10డబ్ల్యు. జాన్ మ్యూర్ అని ఒకాయన 1969ల ఫోక్స్‌వాగన్ రిపేరు మీద పుస్తకం తెచ్చిండు. బొమ్మలతోని, నవ్వించుకుంట చెప్తడు. ఆ పుస్తకం చేతుల పట్టుకొనే మా పోరగాండ్లు బండ్ల కింద దూరిండ్రు.

తర్వాత నౌకరీ ఈ ఎండలకు తెచ్చె. ఈడ అందరిదీ ఒక్కటే మాట: వేడి ఎక్కువ, చిక్కటి 20డబ్ల్యు-50 పొయ్యి. మా గల్లీ చివర ఒక జర్మన్ ముసలి మెకానిక్ ఉండె. ఆయన ఒప్పుకోకపోయేది. ఒకసారి ఇంజను కింద బిళ్లంత స్క్రూ విప్పి, అండ్లకెళ్లి బొటనవేలంత పిస్టను, స్ప్రింగు తీసి నా అరచేతుల పెట్టిండు. ఆయిల్ ప్రెషర్ ఎక్కువైతే గా పిస్టను జరుగుతది, ఆయిల్ కూలర్లకు పోకుండ అడ్డదారిల తిరిగొస్తది. పొద్దున చల్లగున్నప్పుడు అది మంచిదే. గని అవసరానికి మించిన చిక్కటిది పోస్తే వేడెక్కినంక సుత కొంత ఆయిల్ కూలర్ మొఖం చూడదు. చల్లగుంటదని పోసిందే వేడి పెంచుతదన్నట్టు. ఇంకోటి, బేరింగులు అరిగిన ఇంజనుల చిక్కటి ఆయిల్ పోసి, ఐడిలింగ్‌ల మినుకుమినుకుమనే ఆయిల్ లైటును ఆర్పి అమ్మేటోళ్లు ఎప్పుడూ ఉంటరు. బండి కొన్ననాడు డిప్‌స్టిక్ వాసన చూసినవ్ గని, ఇంజను వేడెక్కినంక ఆ లైటు చూసినవా?

ఇగ జింకు ముచ్చట. నీ ఇంజనుల క్యామ్ మీద ట్యాపెట్లు చదునుగ రాపిడి పడ్తయ్, రోలర్లు ఉండయ్. ఆ రెండిటి నడుమ పొరలెక్క నిలిచేది జెడ్‌డీడీపీ, అంటే జింకు, ఫాస్ఫరస్ కలిసిన మందు. ఫాస్ఫరస్ కొత్త కార్ల క్యాటలిటిక్ కన్వర్టర్లను పాడు చేస్తదని 2004ల వచ్చిన ఏపీఐ ఎస్‌ఎం నుంచి పల్చటి గ్రేడులల్ల దాన్ని 0.08 శాతానికి కట్టేసిండ్రు. నీ బండికి ఆ కన్వర్టరే లేదాయె, ఆ పథ్యం నీకెందుకు? పాత బండ్ల కోసమని జింకు ఎక్కువేసి అమ్మే ఆయిళ్లు దొరుకుతయ్. ఎండకాలం ఎస్‌ఏఈ 30, ఇప్పుడైతే 10డబ్ల్యు-40. నన్నడిగితే గంతే.

ఎంత మంచిదైనా 3,000 మైళ్లకు మార్చాలె. దానికి ఫిల్టర్ లేదు, కింద గుండ్రటి జాలి ఒక్కటే. సన్న దుమ్మును ఆ జాలి ఆపదు, పాత ఆయిల్ తోనే బయటికి పోవాలె. రేపు విప్పుదాం. జాలి మీద మెరిసే రజను కనబడితే నాకు చూపియ్యి. ప్లేటుకు రెండు గాస్కెట్లు, ఆరు నట్లు, వాటికి రాగి వాషర్లు ఉంటయ్, అన్ని కొత్తవే తెచ్చుకో. బిగించేటప్పుడు బలం చూపియ్యకు, కేసు మెగ్నీషియందాయె, స్టడ్డు మరతోని సహా ఊడొస్తది. 5 ఫుట్-పౌండ్లు చాలు. మీ నాయిన చేతికి మాత్రం స్పానర్ ఇయ్యకు.