కుప్గల్లు శిలాచిత్రాలు

కుప్గల్లు శిలాచిత్రాలు కర్ణాటక రాష్ట్రంలోని బళ్లారి నగరానికి సమీపాన, సంగనకల్లు దగ్గరి హిరేగుడ్డ కొండపై ఉన్న ప్రాచీన చెక్కడాలు. వీటిలో అధికభాగం నవీన శిలాయుగానికి (దక్షిణ భారతంలో సుమారు క్రీ.పూ. 3000-1200) చెందినవి. 1882లో అనంతపురం జిల్లా విడివడే వరకు ధర్మవరం, పెనుకొండ ప్రాంతాలు బళ్లారి జిల్లాలోనివే కనుక ఈ కొండ మనకు పరాయిది కాదు.

ఇవి రంగులతో వేసిన గుహాచిత్రాలు కావు. నల్లని డోలరైటు బండలపై మరో రాతితో పొడిచి పొడిచి తీర్చినవి. పైపొర రాలిన చోట లేత రంగు బయటపడి బొమ్మ ఏర్పడింది. 1892లో ఎఫ్. ఫాసెట్ వీటిని గురించి వ్యాసం ప్రచురించాడు. మూపురం, పొడవైన కొమ్ములు గల పశువుల బొమ్మలే ఎక్కువ. మనుషుల బొమ్మలు, స్త్రీపురుష సమాగమ దృశ్యాలు కూడా ఉన్నాయి.

పశువులకు ఇంతటి ప్రాధాన్యం ఎందుకో బూడిద దిబ్బలను బట్టి గ్రహించవచ్చు. కుప్గల్లులోను, కళ్యాణదుర్గం ప్రాంతపు పాలవాయిలోను ఇట్టి దిబ్బలున్నాయి. అవి మందలు నిలిచిన చోట పేరుకున్న పేడను కాల్చగా ఏర్పడినవని పరిశోధకులు తేల్చారు.

కొన్ని బండలపై గుంటలున్నాయి. అక్కడ రాతితో కొడితే గంటవలె మ్రోగుతాయి. నికోల్ బోయివిన్ 2004లో వీటిపై వ్రాసిన వ్యాసంతో ఈ స్థలం ప్రపంచం దృష్టికి వచ్చింది. కొన్ని బొమ్మలు చేయి సులభంగా అందని చోట ఉన్నాయి. చూపరుల కోసం కాక, చెక్కడమే ఒక క్రతువుగా భావించారేమో!

2000 దశకం నాటికే క్వారీ పనుల వలన కొండలో కొంత భాగం దెబ్బతిన్నది. చెక్కడాలు, మ్రోగే బండలు ఒకే చోట ఉన్నందున ఒక్క పేలుడుతో రెండూ పోయే ప్రమాదమున్నది.