పది డాలర్ల ల్యాప్‌టాప్: తిరుపతిలో పెట్టె మూత తీస్తే ఏముంది?

నల్లమాడ నుంచి ఇంకో ఎపిసోడ్.

పోయిన వారం బస్టాండ్ పక్కన టీ తాగుతా ఉంటే ఇద్దరు డిగ్రీ పిల్లోళ్లు గట్టిగా వాదించుకుంటా ఉన్నారు. కొత్త ట్యాబ్ ఒకటి వస్తా ఉందంట. ఇంకా రాలేదు, రేటు తెలీదు, ఎట్లుంటుందో తెలీదు. ఒకడేమో "ఏమీ లీక్ కాకుండా కాపాడుతున్నారు చూడు, అందుకే అది పెద్ద కంపెనీ" అంటాడు. రెండోవాడు "దాచేది ఏముందప్పా, అంతా పబ్లిసిటీ" అంటాడు. నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను తీర్పు చెప్పలేదు, ఒక కథ చెప్పినా. ఈ రోజు అదే మీకూ చెప్తా. ఈ కథ జరిగింది అమెరికాలో కాదు, మన తిరుపతిలో.

2009 జనవరి నెలాఖరు. పేపర్ల నిండా ఒకటే వార్త: భారత ప్రభుత్వం 10 డాలర్లకే ల్యాప్‌టాప్ తెస్తా ఉంది. అప్పటి లెక్కలో పది డాలర్లంటే సుమారు 500 రూపాయలు. ఫిబ్రవరి 3న తిరుపతి శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీలో విడుదల. మన పేపర్లే కాదు, లండన్ పేపర్లు కూడా రాసినాయి. బెంగళూరు ఐఐఎస్సీ, ఐఐటీ మద్రాస్, వెల్లూరు విఐటీ, ఇట్లా పేరున్న సంస్థల పేర్లన్నీ వార్తల్లో ఉన్నాయి. 2 జీబీ మెమరీ, వైఫై, రెండు వాట్ల కరెంటు సరిపోతుంది అన్నారు. ఒక్క ఫోటో మాత్రం ఎక్కడా లేదు.

మా చిన్నాయన ఆ వార్త చదివి పేపర్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు నేను కదిరిలో ఇంటర్. "రేయ్ అబ్బీ, ఐదు నూర్లకు కంప్యూటర్ అంటరా. ఎట్లా కొండకు పోవల్ల గదా, వస్తా వస్తా నీకొకటి తెస్తాలే" అన్నాడు. నేను నమ్మినా. ఎందుకు నమ్మకూడదు? చెప్పింది సెంట్రల్ గవర్నమెంట్. ఆ మానవ వనరుల శాఖలో అప్పుడు సహాయ మంత్రి మన పురందేశ్వరి గారు. విడుదల చేసేది కేంద్ర మంత్రి అర్జున్ సింగ్. జరిగేది తిరుపతిలో. ఇంకేం కావాల?

అసలు ఈ పది డాలర్ల మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం. 2005లో అమెరికాలోని ఎంఐటీ ప్రొఫెసర్ నికొలస్ నెగ్రోపాంటే, పేద దేశాల పిల్లల కోసం 100 డాలర్ల ల్యాప్‌టాప్ అని ఒక నమూనా చూపించినాడు. ట్యునీషియాలో, అప్పటి ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్ కోఫీ అన్నన్‌ను పక్కన పెట్టుకుని. ఇండియా కూడా లక్షల సంఖ్యలో కొనాలని ఆయన ఆశ. 2006లో మన విద్యాశాఖ వద్దు పొమ్మంది. పిల్లలకు ముందు కావలసింది క్లాస్‌రూములు, టీచర్లు అని వాదన. ఆ వాదనలో న్యాయం ఉంది, నేనూ ఒప్పుకుంటా. కానీ అంతటితో ఆగలేదు. నువ్వు వంద అంటే మేము పది అన్నట్టు తయారైంది వ్యవహారం. వస్తువు డిజైన్ కాకముందే రేటు డిజైన్ అయిపోయింది. నా మట్టుకు నాకు అసలు తప్పు అక్కడే జరిగింది అనిపిస్తుంది.

సరే, ఫిబ్రవరి 3 వచ్చింది. యూనివర్సిటీలో సభ. విలేకరులు కెమెరాలతో కాచుకుని ఉన్నారు. చూపించిన వస్తువు ఏంటంటే, 10 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు ఉండే ఒక పెట్టె. దానికి స్క్రీన్ లేదు. కీబోర్డు లేదు. అందులో పాఠాలు దాచుకోవచ్చు, ఇంకో కంప్యూటర్‌కు తగిలించి చదువుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. అంటే మనం ఇప్పుడు వాడే హార్డ్ డిస్క్‌కు పెద్దన్న లాంటిది. దాన్ని వాడాలంటే మళ్లీ ఒక కంప్యూటర్ కావాల! రేటు కూడా అప్పటికి పది డాలర్లు కాదు. ఇప్పటికి 20 డాలర్ల దాకా పడుతుంది, లక్షల్లో తయారుచేస్తే పదికి దిగుతుంది అని అధికారులు అంతకు ముందే అని ఉన్నారు. ఆ ముక్క హెడ్డింగుల్లోకి ఎక్కలేదు.

మా చిన్నాయన నిజంగానే తిరుపతి పోయినాడు, ఆ నెలాఖర్లో. రెండు మూడు షాపుల్లో "ఐదు నూర్ల కంప్యూటర్ వచ్చిందంట గదా" అని అడిగినాడంట. షాపోళ్లు నవ్వినారంట. లడ్డూలు తెచ్చినాడు. "దర్శనం బాగా అయింది" అన్నాడు, కంప్యూటర్ మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు ఆ పిల్లోళ్ల గొడవకు వద్దాం. దాదాపు ఒక సంవత్సరం తర్వాత, 2010 జనవరి 27న, శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ ఐప్యాడ్ చూపించినాడు. అక్కడ కూడా నెలల తరబడి గుసగుసలే. పేరు ఐస్లేట్ అని కొందరు, రేటు వెయ్యి డాలర్లు అని కొందరు. కంపెనీ నోరు విప్పలేదు. యాప్‌లు రాసేవాళ్లలో కొద్దిమందికి ముందుగా ఒక ఐప్యాడ్ ఇచ్చేటప్పుడు కూడా, బయటి నుంచి కనపడని గదిలో, కదలని బల్లకో దేనికో గొలుసుతో కట్టి ఉంచాలని షరతు. బ్యాంకులో పెన్నును దారంతో కడతారే, ఆ పద్ధతి. తీరా స్టేజి మీద రేటు 499 డాలర్లు అనేసరికి, వెయ్యి అనుకున్నవాళ్లకు అది చౌక అనిపించింది! ఎంత తెలివి చూడండి. మన దగ్గరికి వచ్చేసరికి 2011 జనవరి, రేటు 27,900 నుంచి మొదలు. దానికి కెమెరా కూడా లేదు, ఆ సంగతి ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు.

రెండు చోట్లా రహస్యమే, రెండు చోట్లా హడావుడే. తేడా ఎక్కడుంది? శాన్‌ఫ్రాన్సిస్కోలో వస్తువు తయారై ఉంది, దాన్ని దాచినారు. తిరుపతిలో వస్తువు తయారు కాలేదు, ఆ సంగతిని దాచినారు. బయట నిలబడి చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఎందుకంటే రెండింటికీ గుడ్డ కప్పే ఉంటుంది.

మధ్యలో మన జిల్లా ముచ్చట ఒకటి. మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల గారి తండ్రి యుగంధర్ గారిది అనంతపురం జిల్లా యల్లనూరు మండలం బుక్కాపురం. ఆ కంపెనీ 2012 జూన్‌లో సర్ఫేస్ ట్యాబ్ చూపించినప్పుడు, అప్పటికి స్టీవ్ బామర్ సీఈఓ, విలేకరులను లాస్ ఏంజెలెస్ రమ్మన్నారు గానీ ఏ హాలుకు రావాలో కొన్ని గంటల ముందు దాకా చెప్పలేదు. అంత రహస్యం. ఏడాది తిరిగేసరికి, అమ్ముడుపోని సర్ఫేస్ ఆర్‌టీ కోసం 90 కోట్ల డాలర్ల నష్టం రాసుకున్నారు. రహస్యం బాగా దాచినంత మాత్రాన సరుకు అమ్ముడుపోదు అన్నమాట. 2014లో నాదెళ్ల గారు వచ్చినాక, రేపో మాపో విడుదల అనుకున్న సర్ఫేస్ మినీని ఆపేసినారు. స్టేజి ఎక్కించలేదు. కానీ అదే రోజు వచ్చిన పెద్ద ట్యాబ్ యూజర్ గైడ్‌లో సర్ఫేస్ మినీ పేరు అట్లే మిగిలిపోయింది! చెరపడం మర్చిపోయినారు.

మళ్లీ మన కథ. తిరుపతి తర్వాత ప్రభుత్వం వదల్లేదు. 2010 జూలైలో కపిల్ సిబల్ 35 డాలర్ల ట్యాబ్ నమూనా చూపించినారు. ఈసారి స్క్రీన్ ఉంది. 2011 అక్టోబర్ 5న ఢిల్లీలో ఆకాశ్ విడుదలైంది, 500 మంది విద్యార్థుల చేతికి ఇచ్చినారు. తయారుచేసింది డేటావిండ్, సునీత్ సింగ్ తులి కంపెనీ. బిగించింది ఎక్కడో తెలుసా? మన హైదరాబాద్‌లో, క్వాడ్ అనే కంపెనీ. ఇంకో విచిత్రం, అమెరికా తేదీ ప్రకారం అదే రోజు స్టీవ్ జాబ్స్ చనిపోయినాడు. మరుసటి రోజు టీవీల్లో ఆకాశ్‌కు చోటు దొరకలేదు.

వస్తువు ఎట్లుండేదంటే, 7 అంగుళాల స్క్రీన్, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 2.2. టచ్ అంటే మీ ఫోన్‌లో ఉండే టచ్ కాదు, గోరుతో నొక్కితే గానీ కదలదు. ఛార్జింగ్ మూడు గంటల లోపే. ప్రభుత్వానికి 2,250 రూపాయల చిల్లర, బయట అమ్మే మోడల్ 2,999. 2012 జనవరి నాటికి 14 లక్షల బుకింగులు వచ్చినాయని కంపెనీ చెప్పుకుంది. ఆ సంఖ్య చూడండి ఒకసారి. అది హైప్ అని కొట్టిపారేస్తే తప్పు. అంతమందికి ఒక కంప్యూటర్ కావాల, కొనే స్తోమత లేదు, అదీ ఆ సంఖ్యలో ఉన్నది.

తర్వాత అంతా గొడవలే. కొనుగోలు చూసే ఐఐటీ రాజస్థాన్ "వానలో తడిసినా, కింద పడినా తట్టుకోవాల" అని పరీక్షలు పెట్టింది. ఆ రేటుకు ఆ పరీక్షలేంది అని కంపెనీ. ఇటు క్వాడ్‌కూ డేటావిండ్‌కూ డబ్బుల దగ్గర తగాదా. పని ఐఐటీ బాంబేకు మారింది. 2012 నవంబర్ 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతుల మీదుగా ఆకాశ్ 2 వచ్చింది. అది నిజంగా మెరుగైన ట్యాబ్. కానీ మొదటి పదివేల ట్యాబ్‌ల కిట్లు చైనాలో తయారైనవని బయటపడింది. తొందర వల్ల అట్లా చేసినాం, ఇక్కడ బిగించినాం అని తులి ఒప్పుకున్నారు. చైనా నుంచి విడిభాగాలు తేవడం నేరమేం కాదు. మీ జేబులో ఫోన్ విప్పి చూడండి. ముందే చెప్పి ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. దాచినందుకే అది స్కాం లాగా కనిపించింది.

ఇంకొక మాట. తిరుపతిలో ఆ రోజు అసలు ప్రారంభించింది ఆ పెట్టెను కాదు. ఐసీటీ ద్వారా విద్య కోసం జాతీయ మిషన్, 4,612 కోట్ల పథకం. కాలేజీలకు ఇంటర్నెట్, ఆన్‌లైన్ పాఠాలు. మీలో ఇంజినీరింగ్ చదివేవాళ్లు పరీక్షల ముందు రోజు యూట్యూబ్‌లో ఎన్‌పీటీఈఎల్ వీడియోలు చూస్తారు కదా, ఐఐటీ సార్లు బోర్డు మీద చెప్పేవి? అవి అంత పెరగడానికి ఈ మిషన్ డబ్బే కారణం. స్పోకెన్ ట్యుటోరియల్స్ తెలుగులో కూడా ఉన్నాయి, అదీ దీని కిందే. ఆ రోజు సభలో ఉన్న విలేకరులు ఎక్కువగా పెట్టె వైపే చూసినారు, పాఠాల సంగతి అంతగా పట్టించుకోలేదు. తప్పు వాళ్లది ఎట్లవుతుంది? పెట్టెను చూడమని పిలిచిందే వీళ్లు.

హైప్ వల్ల లాభమే లేదా అంటే, ఉంది. ఆకాశ్ పుణ్యమా అని 2012లో మైక్రోమ్యాక్స్ లాంటి కంపెనీలు ఆరేడు వేలకు ట్యాబ్‌లు దించినాయి. ట్యాబ్ అంటే ముప్పై వేలు అనే భయం పోయింది. ఆ రెండో పిల్లోడికి నేను ఇదే చెప్పినా: అంతా పబ్లిసిటీ అని తీసేయొద్దు, కొన్నిసార్లు పబ్లిసిటీకి భయపడి పక్కోడు రేటు తగ్గిస్తాడు.

దీని తర్వాతి భాగం మీ చేతుల్లోనే ఉంది. 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ గారు ఎనిమిదో తరగతి ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టినారు. ప్రభుత్వ లెక్క ప్రకారం 5,18,740 శాంసంగ్ ట్యాబ్‌లు, టీచర్లవి కలిపి, లోపల బైజూస్ పాఠాలతో. ఇప్పుడు ఈ వీడియో చూసేవాళ్లలో ఆ బ్యాచ్ పిల్లలు కచ్చితంగా ఉంటారు. ఇక్కడ వస్తువు ఉంది, స్క్రీన్ ఉంది, బ్రాండ్ ఉంది. తిరుపతి పెట్టెతో పోల్చలేం. కానీ సభలో రేటు చెప్పినారు, పాఠాల విలువ కోట్లలో చెప్పినారు. మూడేళ్ల తర్వాత ట్యాబ్ రిపేరు వస్తే ఎవరు చూస్తారు, పాఠాల కంపెనీకి కష్టం వస్తే ఏంది అనేది నేను విన్న ప్రసంగాల్లో అయితే లేదు. ఆ బైజూస్ 2024లో దివాలా కోర్టుకెక్కింది, మీరంతా చదివే ఉంటారు.

మా అక్క కూతురు ఆ బ్యాచే. దానికి వచ్చిన ట్యాబ్ ఇంకా పనిచేస్తా ఉంది. పోయిన నెల ఇంటికి పోతే అందులో ఐఐటీ సార్ మ్యాథ్స్ పాఠం చూస్తా ఉంది, ఎన్‌పీటీఈఎల్‌ది. పక్కనే చిన్నాయన కూర్చుని ఉన్నాడు. "ఇదెంతరా?" అన్నాడు. ఊరికే ఇచ్చినారు అంటే, ట్యాబ్ చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, అంచులు తడిమి, "స్క్రీన్ ఉందిలే" అన్నాడు.

వచ్చే ఎపిసోడ్‌లో బెంగళూరు సింప్యూటర్ కథ. ఐఐఎస్సీ ప్రొఫెసర్లు ఏ రహస్యం లేకుండా, డిజైన్ అంతా బయటపెట్టి తయారుచేసినారు. అయినా ఎందుకు అమ్ముడుపోలేదో అప్పుడు మాట్లాడుకుందాం. ఉంటా.