1951 శాన్ ఫ్రాన్సిస్కో డాన్స్ ఫుట్‌బాల్ జట్టు

శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం జెస్యూట్ గురువులు నడిపే చిన్న క్యాథలిక్ విద్యాసంస్థ. అప్పట్లో దాని అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును డాన్స్ అనేవారు. జో కుహారిక్ శిక్షణలో ఆ జట్టు 1951లో ఆడిన తొమ్మిది మ్యాచ్‌లూ గెలిచింది. అయినా కొత్త సంవత్సరం రోజుల్లో జరిగే పేరున్న బౌల్ పోటీల్లో ఒక్కదానికీ దాన్ని పిలవలేదు. జట్టులో ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లు ఉండడమే అందుకు కారణమని ఈనాడు చాలామంది ఒప్పుకుంటున్నారు.

ఆ ఇద్దరూ ఒల్లీ మాట్సన్, బర్ల్ టోలర్. ఈ ఆటలో బంతిని చేత పట్టుకుని, అడ్డుపడేవాళ్లను తప్పించుకుంటూ అవతలి గీత దాటించాలి. ఆ పనిలో మాట్సన్‌ను మించినవాడు ఆ ఏడాది దేశంలో లేడు. పరుగుతో 1,566 గజాలు సాధించి, 21 టచ్‌డౌన్లు చేశాడు. అయినా ఉత్తమ కళాశాల ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ ఓటింగ్‌లో అతనికి దక్కింది తొమ్మిదో స్థానం.

తూర్పు తీరపు పాత్రికేయుల కళ్ల ముందు ఆడే అవకాశం అక్టోబరు 20న న్యూయార్క్‌లో వచ్చింది. అక్కడ ఫోర్డమ్ జట్టుపై 32-26తో గెలిచారు. సీజన్ మొత్తంలో గట్టిగా చెమటోడ్చిన మ్యాచ్ అదొక్కటే. ప్రత్యర్థులు తన్నిన కిక్‌ఆఫ్ బంతిని మాట్సన్ రెండుసార్లు అందుకుని, దాదాపు మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. తర్వాత స్టాక్‌టన్‌లో పసిఫిక్ కళాశాలను 47-14తో, ఆఖరి మ్యాచ్‌లో లయోలాను 20-2తో ఓడించారు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఇచ్చే ఉత్తమ జట్ల జాబితాలో దక్కింది 14వ స్థానం.

నల్లవాళ్లిద్దరినీ ఇంట్లో వదిలి వస్తే బౌల్ పోటీకి పిలుపు ఖాయమన్న కబురు తమదాకా వచ్చిందని ఆటగాళ్లు తర్వాత చెప్పారు. దానికి జట్టు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం వల్ల పోయింది ఒక్క ఆట కాదు. ఫుట్‌బాల్ ఖర్చు విశ్వవిద్యాలయానికి అప్పటికే మోయలేని భారం; బౌల్ డబ్బే మిగిలిన ఆశ. ఆ సీజన్ ముగిసిన కొద్ది వారాలకే జట్టును రద్దు చేశారు. అంతటి మూల్యం చెల్లించి తోటివాళ్ల పక్షాన నిలబడ్డారు గనుకే, ఈ సీజన్ చరిత్రను గెలుపోటముల పట్టికతో ముగించడం అన్యాయం.

ఆ జట్టు నుంచి గీనో మార్కెట్టి, మాట్సన్, బాబ్ సెయింట్ క్లెయిర్ ముగ్గురూ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరారు. ఒకే కళాశాల జట్టులో కలిసి ఆడినవాళ్లలో ముగ్గురికి ఆ గౌరవం దక్కడం అరుదు. జట్టు ప్రచారం చూసుకున్న కుర్రాడు పీట్ రోజెల్ 1960లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ కమిషనర్ అయ్యాడు. మాట్సన్ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం, రిలేలో రజతం తెచ్చాడు.

టోలర్‌కు మాత్రం ఆ ఏడాదే మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయింది. ఉపాధ్యాయుడయ్యాడు, పాఠశాల ప్రిన్సిపాల్ అయ్యాడు. 1965లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో తొలి నల్లజాతి మ్యాచ్ అధికారిగా మైదానంలోకి తిరిగొచ్చాడు. విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ఒక వసతి గృహానికి, కాలిఫోర్నియాను తెల్లవారిదిగానే ఉంచాలని ప్రచారం చేసిన సెనెటర్ జేమ్స్ ఫీలన్ పేరు ఉండేది. 2017లో ఆ పేరు తీసేసి, దానికి టోలర్ పేరు పెట్టారు.