డాల్బీ డిజిటల్: పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు

డాల్బీ డిజిటల్ అనునది సినిమా థియేటర్లలోను, డీవీడీలలోను, డిజిటల్ టెలివిజన్ ప్రసారాలలోను వాడే సరౌండ్ సౌండ్ విధానము. దీని సాంకేతిక నామము ఏసీ-3. ఈ రెండు పేర్లు ఒకే విధానాన్ని సూచించినప్పటికీ చట్టం దృష్టిలో వాటి స్థితి వేరు. సాంకేతికతకు రక్షణనిచ్చిన పేటెంట్ల గడువు 2017లో ముగిసినది. పేరుకు రక్షణనిచ్చే ట్రేడ్‌మార్కు మాత్రం కొనసాగుతున్నది.

చరిత్ర

రే డాల్బీ (1933–2013) 1965లో లండనులో డాల్బీ లేబొరేటరీస్ సంస్థను స్థాపించాడు. 1976లో అది అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు తరలినది. 1992లో విడుదలైన "బ్యాట్‌మాన్ రిటర్న్స్" చిత్రముతో డాల్బీ డిజిటల్ థియేటర్లలో ప్రవేశించినది. ఫిలిం అంచున గల రంధ్రాల మధ్య ఖాళీలలో ధ్వని సమాచారాన్ని ముద్రించేవారు.

పనిచేయు విధానం

ముందు ఎడమ, మధ్య, కుడి స్పీకర్లకు మూడు, ప్రేక్షకుల ఇరుప్రక్కల స్పీకర్లకు రెండు, మొత్తం ఐదు ధ్వని మార్గాలు ఇందులో ఉంటాయి. గంభీరమైన ధ్వనుల కొరకు ఉన్న ఆరవ మార్గమును ".1" అంటారు. కనుకనే దీనికి 5.1 అని పేరు. పెద్ద ధ్వని చెంత ఉన్న చిన్న ధ్వని చెవికి ఆనదు. అట్టి వివరాలను తగ్గించి, సమాచారాన్ని కుదించుట ఈ విధానములోని కీలకము.

పేటెంట్లు

ఆవిష్కరణ వివరాలను బహిరంగపరచినందుకు ప్రతిఫలంగా ప్రభుత్వం పరిమిత కాలానికి ఇచ్చే హక్కు పేటెంటు. భారతదేశంలో దీని గడువు దరఖాస్తు తేదీ నుండి 20 సంవత్సరాలు. ఏసీ-3 పరికరాల తయారీదారులు డాల్బీ సంస్థకు లైసెన్సు రుసుము చెల్లించేవారు. సొంత పేటెంట్లున్నా ఇతరుల పేటెంట్లతో వివాదం రావచ్చును. ఏసీ-3 తన పేటెంట్లను అతిక్రమించినదని లూసెంట్ సంస్థ వాదించగా, అతిక్రమణ లేదని 2005లో అమెరికా న్యాయస్థానం తీర్పునిచ్చినది. అమెరికాలో ఏసీ-3 పేటెంట్ల గడువు 2017 మార్చిలో ముగిసినది.

ట్రేడ్‌మార్కులు

"డాల్బీ" అను పేరు, ఎదురెదురుగా ఉన్న రెండు "డి" అక్షరాల గుర్తు ఆ సంస్థ ట్రేడ్‌మార్కులు. భారతదేశంలో 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ప్రకారం నమోదును 10 సంవత్సరాలకొకసారి ఎన్నిసార్లయినా పునరుద్ధరించుకొనవచ్చును. కావున నేడు ఒక తయారీదారు ఆ పాత పేటెంట్లకు రుసుము చెల్లించకుండానే ఏసీ-3ను చదివే పరికరాన్ని తయారుచేయవచ్చును. కాని అనుమతి లేనిదే దానిపై డాల్బీ గుర్తును ముద్రించరాదు.

గమనించదగినవి

* డాల్బీ డిజిటల్ ప్లస్, డాల్బీ అట్మాస్ తరువాత వచ్చిన విధానాలు. వాటి పేటెంట్లు వేరు. 2017 నాటి ముగింపు వాటికి వర్తించదు.
* తెలుగు సినిమా ప్రకటనల ద్వారా సుపరిచితమైన డీటీఎస్ డాల్బీకి మరో పేరు కాదు. అది 1993లో "జురాసిక్ పార్క్" చిత్రముతో వచ్చిన పోటీ విధానము.