గ్రైప్ వాటర్ సీసాలో ఏముండేది?

గ్రైప్ వాటర్ పుట్టింది చంటిపిల్లల కడుపునొప్పి కోసం కాదు. పందొమ్మిదో శతాబ్దం నడిమి రోజుల్లో ఇంగ్లండ్ తూర్పు ప్రాంతపు చిత్తడి నేలల్లో చలిజ్వరం ఎక్కువగా ఉండేది. అది మలేరియాలో ఒక రకం. దానికి ఇచ్చే మందు తాగాక పసిపిల్లల్లో పొట్ట బాధ కూడా తగ్గుతోందని అక్కడి వైద్యులు, ఆయాలు అనుకున్నారు. 1851లో నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి దాన్నే ఆధారం చేసుకుని ఒక మందు తయారుచేశాడు. అందులో ఉన్నవి సోయకూర గింజల నూనె, సోడా ఉప్పు, చక్కెర, నీళ్లు, వాటితోపాటు 3.6 శాతం ఆల్కహాలు. 1876లో గ్రైప్ వాటర్ అనే పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించాడు. పసివాడైన హెర్క్యులిస్ రెండు చేతులా రెండు పాముల గొంతు నులుముతున్న బొమ్మ దాని గుర్తు. మద్రాసులో 1928లో టి.టి. కృష్ణమాచారి మొదలుపెట్టిన పంపిణీ వ్యాపారం పెరిగి పెద్దదై, ఆ సీసాను దక్షిణాదిలో మారుమూల కిరాణా కొట్టు దాకా తీసుకొచ్చింది. బిడ్డ ఏడిస్తే ఇది పట్టమని అమ్మమ్మ అమ్మకు, అమ్మ కూతురికి చెప్పే టీవీ ప్రకటన ఒక తరానికి బాగా గుర్తు. మందుకు సాక్ష్యం వంశపారంపర్యమేనని ఆ ప్రకటన నేరుగా చెప్పింది. ఈ చరిత్రలో పట్టించుకోవలసిన సంగతి మాత్రం మరొకటుంది. 1992లో బ్రిటన్‌లో ఆ మందులోంచి ఆల్కహాలు తీసేశారు. దాని చరిత్ర గురించి 2000లో రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ పత్రికలో రాసిన ఒక వైద్యుడు, పాత సీసా మీద చిన్న బిడ్డకు చెప్పిన గరిష్ఠ మోతాదును బరువు లెక్కన చూస్తే 80 కిలోల మనిషి ఐదు పెగ్గుల విస్కీ తాగినట్టేనని లెక్కగట్టారు. అంత బలమైన సరుకు సీసాలోంచి పోయినా సీసాకున్న పేరు పోలేదు. ఇప్పటికీ తల్లులు కొంటున్నారు, పనిచేస్తోందనే చెబుతున్నారు. ఈ పేరు లోపలి సరుకు వల్ల వచ్చింది కాదనీ, బిడ్డ వయసు వల్ల వచ్చిందనీ నా వాదన. పోతపాల బిడ్డల విషయంలో ఈ తేడా తెలుసుకోవడం మరీ అవసరం.

బిడ్డ వయసు అని ఎందుకంటున్నానో చెప్పాలి. 1954లో అమెరికాలో మోరిస్ వెసెల్ అనే పిల్లల వైద్యుడు, ఆయన సహచరులు గుక్కపట్టి ఏడ్చే బిడ్డలకు ఒక కొలత పెట్టారు: రోజుకు మూడు గంటలకు మించి, వారంలో మూడు రోజులకు మించి, మూడు వారాలకు మించి ఏడ్చే ఆరోగ్యవంతమైన బిడ్డ. 1962లో బెర్రీ బ్రెజెల్టన్ తల్లుల చేత రోజువారీ లెక్కలు రాయించాడు. ఏడుపు పుట్టిన రెండో వారం నుంచి పెరుగుతూ ఆరో వారానికి రోజుకు సుమారు రెండు మూడు గంటలకు చేరుతుంది, తర్వాత దిగుతుంది, మూడో నెల దాటేసరికి చాలావరకు సద్దుమణుగుతుంది. ఎక్కువగా సాయంత్రాలే. ఇది పాశ్చాత్యుల పెంపకం వల్ల వచ్చిన చిక్కేమోనన్న అనుమానం న్యాయమైనదే. కెనడా వైద్యుడు రోనాల్డ్ బార్, ఆయన సహచరులు బోట్స్వానా ఎడారి ప్రాంతపు కుంగ్ సాన్ జనంలో లెక్కలు చూశారు. ఆ తల్లులు బిడ్డను రోజంతా ఒంటికి అంటిపెట్టుకుని ఉంటారు, గంటకు నాలుగుసార్లయినా పాలిస్తారు. అక్కడి పిల్లలు ఏడ్చినప్పుడు తక్కువసేపే ఏడుస్తారు, కానీ ఏడుపు పెరిగి తగ్గే వయసు మాత్రం అదే. ఇప్పుడు ఒక ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. అయిదారు వారాలకు తల్లికి ఓపిక పూర్తిగా అయిపోతుంది, అప్పుడే మందు మొదలవుతుంది. ఏడో వారానికి బిడ్డ తెరిపిన పడుతుంది. ఆ సమయంలో చేతిలో ఉన్న సీసాకే ఘనత దక్కుతుంది. వాము నానబెట్టిన నీళ్లయినా, ఇంగువ రాసిన బొడ్డయినా, దిష్టి తీసిన ఉప్పూ మిరపకాయలైనా అదే వరుస.

పెద్దవాళ్లు పరిశీలన లేని వాళ్లని దీనర్థం కాదు. కాశ్యప సంహిత అనే ప్రాచీన గ్రంథంలో నోరు రాని బిడ్డ బాధను బయటి గుర్తులతో పోల్చుకోవడానికే ఒక అధ్యాయం ఉంది. నేపాల్‌లో దొరికిన దాని శిథిల ప్రతిని హేమరాజ శర్మ 1938లో అచ్చు వేయించారు. కడుపునొప్పి ఉన్న బిడ్డ రొమ్ము వదిలేస్తుంది, ఏడుస్తుంది, వెల్లకిలా ఒళ్లు విరుచుకుంటుంది, పొట్ట బిగుసుకుంటుంది, ముఖాన చెమట పడుతుంది అని అందులోని సారాంశం. ఇవాళ్టి పిల్లల వైద్యుడు కూడా ఇంతకన్నా మెరుగ్గా వర్ణించలేడు. చిక్కు చూపులో లేదు, దాని మీద కట్టిన కారణంలో ఉంది. బిడ్డ కాళ్లు ముడుచుకుని ఎర్రబడి ఏడుస్తూ అపానవాయువు వదిలితే, గ్యాస్ వల్లే ఏడ్చిందని అనుకుంటాం. ఏడుస్తూ గాలి మింగడం వల్ల గ్యాస్ చేరిందనుకోవడానికీ అంతే ఆస్కారముంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. పాత మందులు నిజంగానే బిడ్డల్ని ఊరుకోబెట్టాయి కదా, అది ఊహ కాదు కదా అని. నిజమే, ఊరుకోబెట్టాయి. ఇంగ్లండ్‌లో గాడ్‌ఫ్రీస్ కార్డియల్ పేరుతో అమ్మినదానిలో నల్లమందు ఉండేది. అమెరికాలో 1849 నుంచి అమ్ముడైన మిసెస్ విన్స్‌లో సూదింగ్ సిరప్‌లో మార్ఫిన్ ఉండేది. పళ్లు వచ్చే బాధకు, కడుపునొప్పికి, నిద్రకు అన్నిటికీ అదే. 1906 చట్టం సీసా మీద మార్ఫిన్ పేరు రాయాలని పట్టుబట్టింది. 1911లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దాన్ని పిల్లల్ని చంపే మందుల జాబితాలో పెట్టింది. మన దేశంలో 1920ల నాటికి బొంబాయి మిల్లు కార్మికుల చాల్ ఇళ్లలో బాలాగోలీ అనే నల్లమందు మాత్ర రాజ్యమేలింది. పొద్దంతా షిఫ్టుకు వెళ్లే తల్లికి బిడ్డ నిద్రపోవడం కూలి దొరకడంతో సమానం. తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేతకార్మికులు పనిచేసింది కూడా ఆ మిల్లుల్లోనే. ఆ తల్లుల మీద నాకు కోపం లేదు, ఆ షిఫ్టుల మీద ఉంది. కానీ నల్లమందు నొప్పిని మాత్రమే కాదు, ఏడవగల శక్తినే తీసేస్తుంది. పాలు అడగాల్సిన బిడ్డ అడగదు, తూగుతూ చిక్కిపోతుంది. మత్తుకూ ఉపశమనానికీ మధ్య తేడాను ఈ వ్యాపారం వందేళ్లకు పైగా చెరిపేసింది. ఆ మత్తు తీసేసిన తర్వాత కూడా మందులకు గిరాకీ తగ్గలేదంటే, మిగిలిన గింజల నూనె గొప్పదని రుజువు కాలేదు. ఆరో వారం దాటిన బిడ్డ తానే కుదుటపడుతుందన్నది మాత్రం మళ్లీ రుజువైంది.

మరి మన కాలపు మందుల సంగతి? ఇప్పుడు పిల్లల గ్యాస్‌కు ఎక్కువగా రాసే చుక్కల మందు సిమెథికోన్. 1994లో అమెరికాలో 83 మంది బిడ్డల మీద దాన్ని, మందు లేని చుక్కలను మార్చి మార్చి ఇచ్చి చూశారు. మందుతో మాత్రమే మెరుగైనవాళ్లు 28 శాతం, మందు లేని చుక్కలతో మాత్రమే మెరుగైనవాళ్లు 37 శాతం, రెండింటితోనూ మెరుగైనవాళ్లు 20 శాతం. ఖాళీ చుక్కలదే పైచేయి. డైసైక్లోమిన్ అనే మందుకు మాత్రం నిజంగా ప్రభావం కనిపించింది, కానీ 1980ల్లో ఊపిరి ఆగిపోయిన సంఘటనలు బయటపడ్డాక ఆరు నెలల లోపు బిడ్డలకు ఇవ్వవద్దన్నారు. మంచి బాక్టీరియా చుక్కలు చనుబాలు తాగే బిడ్డల్లో కొంత మేలు చేసినట్టు కొన్ని అధ్యయనాలు చూపించాయి. 2014లో మెల్‌బోర్న్‌లో డబ్బాపాల బిడ్డలనూ కలిపి 167 మందిలో చూస్తే మేలు కనిపించలేదు, పోతపాల పిల్లల్లో విసుగు ఇంకొంచెం పెరిగింది. సోంపుకు చిన్న అధ్యయనాల్లో కాస్త అనుకూలత ఉంది, తీపి నీళ్లు కొద్ది నిమిషాలు ఏడుపు ఆపుతాయి. ఆ నిమిషాలు తల్లికి విలువైనవే, కాదనను. ఇక మనం ఎవరూ ప్రశ్నించని పని, బిడ్డను భుజాన వేసుకుని వీపు తట్టి తేన్పు తెప్పించడం. 2015లో అచ్చయిన చండీగఢ్ పరిశోధనలో 71 మంది తల్లీబిడ్డల జంటలను రెండు వర్గాలుగా విడదీసి చూశారు. తట్టడం వల్ల ఏడుపు తగ్గలేదు, పాలు కక్కడం పెరిగింది. భుజాన వేసుకోవద్దని నేననను, ఆ దగ్గరితనానికి దాని విలువ దానికుంది. కానీ తేన్పు రాలేదు కాబట్టి బిడ్డ ఏడుస్తోందని ఒక తల్లి కుమిలిపోవలసిన అవసరం లేదు.

ఇంతవరకూ వచ్చాక పోతపాల తల్లి అడగవలసిన ప్రశ్న ఒకటుంది: డబ్బాపాల వల్ల ఏ ఇబ్బందీ రాదంటారా? వస్తుంది. గుక్కపట్టి ఏడవడం మాత్రం చనుబాల బిడ్డలోనూ పోతపాల బిడ్డలోనూ దాదాపు సమానంగానే కనిపిస్తుంది. కాబట్టి పాలు మానిపించిన నేరం వల్లే ఏడుస్తోందని ఇంట్లోవాళ్లు తల్లిని దెప్పడం అన్యాయం. అసలు ఇబ్బంది మరోచోట ఉంది, దాని చరిత్ర మందుల చరిత్ర కన్నా నాకు ముఖ్యమనిపిస్తుంది. 1860ల్లో జర్మనీలో లీబిగ్, స్విట్జర్లాండ్‌లో ఆన్రీ నెస్లే తల్లిపాలకు ప్రత్యామ్నాయాలు అమ్మడం మొదలుపెట్టిన కాలానికే పొడవైన రబ్బరు గొట్టం ఉన్న పాలసీసాలు వచ్చాయి. గొట్టం బిడ్డ నోట్లో పెట్టి సీసా పక్కన పడుకోబెడితే చాలు, తల్లి ఇంకో పని చేసుకోవచ్చు. ఆ గొట్టాన్ని లోపల కడగడం ఎవరి తరమూ కాదు. అందులో పుల్లబడిన పాలు బిడ్డ పొట్టలోకి వెళ్లేవి, విరేచనాలతో ఎంతోమంది పోయారు. ఫ్రాన్స్ 1910లో చట్టం చేసి ఆ సీసాల అమ్మకం నిషేధించింది. మన ఇళ్లలో అప్పటికే ఉన్న ఉగ్గుగిన్నెను ఈ గొట్టంతో పోల్చి చూడండి. అరచేతిలో పట్టే ఇత్తడి లేదా వెండి గిన్నె, ఒక పక్కకు సాగిన ముక్కు, మూలలు లేవు, పీక లేదు, వేలితో తుడిస్తే శుభ్రం. ఆ ముక్కును బిడ్డ పెదవికి ఆనించి వంచితే పాలను తనంతట తానే చప్పరించుకుంటుంది. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు మన ఆస్పత్రుల్లో నేటికీ ఇలాంటి గిన్నెతోనే పాలు పట్టిస్తున్నారు. అయితే ఉగ్గుగిన్నెలో ఆముదమూ, వసకొమ్ము అరగదీసిన గంధమూ కూడా పోశాం. కొన్ని రకాల వసలో ఉండే బీటా ఆసరోన్ అనే పదార్థం కారణంగా 1968లో అమెరికా దాన్ని తిండి పదార్థాల్లో నిషేధించింది. ఆచారం కాబట్టి మంచిదని కానీ, ఆచారం కాబట్టి చెడ్డదని కానీ అనలేం. గిన్నె మంచిది, అందులో పోసిన వస మంచిది కాదు.

కలిపే పద్ధతి చరిత్ర కూడా ఇలాంటిదే. బ్రిటన్‌లో తల్లులు పొడి ఎక్కువ వేయడం వల్ల బిడ్డల రక్తంలో ఉప్పు పెరిగిన సంఘటనలు చూసి, 1974లో ప్రభుత్వ నిపుణుల బృందం కొత్త సూచనలు చేసింది. పేద దేశాల్లో దీనికి తలకిందులు. డబ్బా ఎక్కువ రోజులు రావాలని నీళ్లు ఎక్కువ పోసేవాళ్లు, అవి కాచనివి కూడా. సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు 1939లో సింగపూర్‌లో చేసిన ప్రసంగంలో తల్లిపాలకు బదులు అమ్మే డబ్బాపాలను హత్యతో ముడిపెట్టి మాట్లాడారు. 1977లో నెస్లే బహిష్కరణ ఉద్యమం, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమావళి, మన దేశంలో 1992 చట్టం ఆ బాటలోనే వచ్చాయి. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ గేదెపాలతో పసిపిల్లల ఆహారం తయారుచేసే పద్ధతి కనిపెట్టి ఆనంద్ సహకార సంఘానికి ఇవ్వడం కూడా ఈ కథలో భాగమే, డబ్బా అంటే విదేశీ డబ్బాయేనన్న రోజులు అక్కడితో పోయాయి. పోతపాల బిడ్డ పొట్టను నిజంగా మార్చినవి ఇవే: కాచిన నీళ్లు, డబ్బాతో వచ్చిన చెంచాతోనే కొలిచిన పొడి, కడిగి మరిగించిన పీక. గాలి సంగతికొస్తే, బాగా గిలకొట్టిన పాలను నురగ తగ్గేదాకా కాసేపు ఉంచడం, పీక చిల్లు మరీ పెద్దదీ మరీ సన్నదీ కాకుండా చూడడం, పీక నిండా పాలుండేలా సీసా వంచి బిడ్డను నిటారుగా పట్టుకోవడం చాలు. ఖర్చు లేనివి, కాబట్టే ఎవరూ ప్రకటించరు.

అమ్మమ్మలు పెంచిన పిల్లలు బాగానే ఉన్నారు కదా అన్న మాటకూ జవాబు చెప్పాలి. బాగానే ఉన్నవాళ్లే చెప్పడానికి మిగిలారు, నల్లమందుతో తూగిపోయినవాళ్లు చెప్పలేరు. పైగా బిడ్డ పొట్ట చిన్నది. అందులో ఒక చెంచా వాము నీళ్లు పడితే ఒక చెంచా పాలు తగ్గుతాయి. ఆరు నెలలు తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడంలో ఇదీ ఒక కారణం. డబ్బాపాల బిడ్డకు కూడా నీళ్లు, గ్రైప్ వాటర్ పాలకు అదనం కావు, పాల స్థానంలో పడతాయి.

మూడో నెలకు తగ్గుతుందని ఓపిక పట్టమనడం అన్ని వేళలా సరికాదు. ఆకుపచ్చ వాంతి, మలంలో రక్తం, జ్వరం, పాలు మానేయడం, బరువు పెరగకపోవడం, పొట్ట గట్టిగా ఉబ్బిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి. ఒంటి మీద దద్దుర్లతోనో, మలంలో జిగురూ రక్తంతోనో ఆవుపాల ప్రొటీన్ పడని బిడ్డలు కొద్దిమంది ఉంటారు. వాళ్లకు డాక్టరు సలహా మీద ఆ ప్రొటీన్‌ను చిన్న ముక్కలుగా విడగొట్టిన ప్రత్యేక డబ్బాపాలు మారిస్తే మార్పు కనిపిస్తుంది. మిగిలిన వాళ్ల విషయంలో ఇంకో లెక్క పట్టించుకోవాలి. విసిగిపోయిన పెద్దవాళ్లు బిడ్డను గట్టిగా ఊపి మెదడుకు దెబ్బ తగిలించిన ఘటనలు కూడా, ఏడుపు శిఖరానికి చేరిన కొద్ది వారాల్లోనే ఎక్కువని పాశ్చాత్య దేశాల లెక్కలు చూపించాయి. అందుకే రోనాల్డ్ బార్ బృందం మందు చీటీకి బదులు ఈ ఏడుపు కాలాన్ని వివరించే చిన్న పుస్తకాన్ని బాలింతల చేతికివ్వడం మొదలుపెట్టింది. ప్రసవం అయ్యాక మన ఆస్పత్రుల్లో టీకాల కార్డు ఇచ్చి పంపిస్తున్నారు. దాని వెనక పక్కనే ఏడుపు పెరిగి తగ్గే గీత గీసి, ఆరో వారం దగ్గర ఒక గుర్తు పెట్టి, భర్తకూ అత్తగారికీ కూడా అర్థమయ్యేలా నర్సు ఒక్కసారి చెప్పి పంపాలి. ఆ రోజుల్లో బిడ్డను ఇంకొకరి చేతికిచ్చి తల్లి కాసేపు పక్క గదిలో పడుకోవచ్చని కూడా అప్పుడే చెప్పాలి.