తుమ్మి లేని గట్టు

వినాయక చవితి పొద్దున నానమ్మ ముందు నన్నే లేపేది. "గట్టుకాడికి పోయి తుమ్మికూర తెంపుకరా బిడ్డా, లేత కొసలే తెంపు" అనేది. మా వైపు పల్లెల్లో ఆ పండుగకు తుమ్మికూర ఉండి తీరాలి. నేను సంచి నింపేది తక్కువ, పువ్వు పీకి దాని అడుగు కొసను నాలికకు ఆనించి తేనె చప్పరించేది ఎక్కువ. ఆ చుక్క కోసం నాకన్నా ముందే వచ్చిన హక్కుదారులు అక్కడ ఉన్నారని అప్పట్లో తట్టలేదు.

తుమ్మిని ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్ళు పెట్టరు. వానలకు మొలిచి, బీడులోనైనా రాళ్ళ గట్టు మీదైనా బతికేది. పశువులు తొక్కినా లేచేది. కణుపు కణుపుకూ ఒక ఆకుపచ్చ బంతి, అందులోంచి తొంగిచూసే తెల్లపూలు. పువ్వుకు రెండు పెదవులు. కిందిది అరుగులా పరుచుకుని ఉంటుంది. పైది నూగు కప్పిన చిన్న టోపీ, కేసరాలు దాని చాటునే ఉంటాయి. అరుగు మీద వాలిన తేనెటీగ తల లోపలికి దూర్చగానే నెత్తికి పుప్పొడి అంటుకుంటుంది. ఆ నెత్తితోనే పక్క పువ్వులోకి పోతుంది. చుక్క తేనెకు నాలుగు గింజలు, అంతే బేరం.

చిన్న సీతాకోకచిలుకలు వచ్చేవి, కొమ్మలకు పట్టు పెట్టే చిన్న తేనెటీగలు వచ్చేవి. నాకు బాగా గుర్తున్నది మాత్రం పొట్ట మీద నీలి పట్టీలున్న తేనెటీగ జాతి. దానికి పట్టు లేదు, రాణి లేదు. ఆడది ఒంటరిగా నేలలోనో మట్టిగోడలోనో బొరియ తవ్వి, పుప్పొడీ తేనే కలిపి లోపల దాచి, గుడ్డు పెట్టి మూసేస్తుంది. మగవి సందెవేళ ఎండుపుల్లను దవడలతో కరిచిపట్టుకుని, గుంపుగా, అలాగే నిద్రపోతాయి. మా పశువుల కొట్టం గోడ నిండా ఆ కన్నాలే. నానమ్మ అలికి పూడ్చేది, అవి మళ్ళీ తవ్వేవి. పాత ఇరుగుపొరుగుల పేచీ అది.

ముందు గోడ పోయింది. కొట్టం పడగొట్టి సిమెంటు ఇటుకలతో కట్టుకున్నాం, అందరం సంతోషించాం. తరవాత గట్టు వంతు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ తరవాతి ఏళ్ళలో జొన్న, కంది, పెసర కలిసి పండిన మా చెలకల్లో పత్తి ఒక్కటే మిగిలింది. కలుపుకు కూలీలు దొరకడం కష్టమైంది. గడ్డిమందు డబ్బాలు ఊళ్ళోకి వచ్చాయి. వీపున పంపు తగిలించుకున్న ఒక్క మనిషి పదిమంది ఆడవాళ్ళ పని పూటలో చేసేసేవాడు. తప్పు పట్టలేను. రోజంతా వంగి కలుపు తీసిన నడుము ఎలా ఉంటుందో మా అమ్మను చూసి తెలుసుకున్నాను.

ఆ డబ్బాల్లోని గ్లైఫోసేట్ ఆకు మీద పడితే వేరు దాకా దిగుతుంది. మొక్కకు కావలసిన కొన్ని అమైనో ఆమ్లాలు తయారు కాకుండా అడ్డుపడుతుంది. చేలో పని అయ్యాక పంపులో మిగిలినదాన్ని గట్టు మీద కొట్టేవాళ్ళం. కొన్నాళ్ళకు గట్టంతా పసుపుపచ్చగా మారి, ఎండిపోయేది. తుమ్మి ఏడాది మొక్క. గింజ రాల్చకముందే చస్తే దానికి మరుసటి ఏడు లేదు. గ్లైఫోసేట్‌ను పురుగుల నియంత్రణ చేసేవారి చేతనే కొట్టించాలని 2022లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికి మా గట్టు మీద తుమ్మి లేదు. నీలి పట్టీలవి ఎప్పుడు రావడం మానేశాయో, ఇంట్లో ఎవర్ని అడిగినా చెప్పలేకపోయారు.

తుమ్మి లోకంలో లేకుండా పోలేదు. ఎక్కడో ఉంది కాబట్టే చవితికి హైదరాబాదు బజారులో కట్టలు కట్టి అమ్ముతున్నారు. పోయిన పండుగకు ఒకటి కొన్నాను. వాడకుండా నీళ్ళు చల్లి పెట్టారు. కొసన ఇంకా రాలని పువ్వొకటి కనిపిస్తే పీకి నాలికకు ఆనించాను. ఉత్త నీళ్ళ రుచి.