సంచార జాతులు – చదువుల దారి

సుమారు వెయ్యేళ్ల కిందట ఉత్తర భారతం నుంచి పడమటికి తరలిపోయిన జనమే రోమాలు. వారి రోమానీ, మన తండాల గోర్ బోలి ఒకే భాషా కుటుంబానివి. ఇంగ్లండ్ 1530లో చట్టం చేసి వారిని వెళ్లగొట్టజూసింది; 1554లో మరణశిక్ష దాకా పోయింది. మన సంచార జాతులపై 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చిందీ ఆంగ్లేయులే.

1971 ఏప్రిల్ 8న లండన్ దగ్గర తొలి ప్రపంచ రోమా మహాసభ మొదలైంది. చక్రం గుర్తు జెండాను తమదిగా స్వీకరించింది. ఆ ఏడాదే లండన్ విశ్వవిద్యాలయంలో ఇయాన్ హాన్‌కాక్ అనే రోమా బిడ్డ పిహెచ్.డి. పొందారు. తర్వాత టెక్సాస్‌లో ఆచార్యుడై తన జాతి చరిత్రను తానే రాశారు.

అయినా ఇంగ్లండ్ జనగణనలో జిప్సీలకు, ఐరిష్ ట్రావెలర్లకు గడి దొరికింది 2011లోనే, రోమాలకు 2021లో. ఆ 2021లోనే బకింగ్‌హామ్‌షైర్ న్యూ యూనివర్సిటీ చొరవతో ఒక ప్రతిజ్ఞాపత్రం వచ్చింది. ఈ వర్గాల విద్యార్థులకు అండగా ఉంటామని, వారి సంస్కృతిని గౌరవిస్తామని విశ్వవిద్యాలయాలు అందులో సంతకాలు చేస్తున్నాయి. అవమానానికి జంకి జాతి పేరు దాచుకునే పిల్లలు అక్కడా ఉన్నారు మరి!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కాలేజీలో మన పేరు దాచకండి. చదవండి, మన తాతల చరిత్రను మీరే రాయండి.